తడబడుతున్న కుర్ర క్వార్టర్‌బ్యాక్: ఆడించాలా, కూర్చోబెట్టాలా, వదులుకోవాలా?

2024 సెప్టెంబర్ 16న అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కరోలైనా పాంథర్స్ తన క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే పాస్‌లు విసిరి దాడిని నడిపించే ఆటగాడు బ్రైస్ యంగ్‌ను బెంచ్ మీదికి పంపింది. 2023 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, అందరికంటే ముందు ఎంపికైన ఆటగాడు అతను. అతని కోసం ఆ జట్టు షికాగో బేర్స్‌కు ఇచ్చుకున్నది చిన్న మొత్తం కాదు. ఆ ఏడాది 9వ, 61వ పిక్‌లు (ఎంపిక వంతులు), 2024 మొదటి రౌండ్ పిక్, 2025 రెండో రౌండ్ పిక్, వీటి మీద పాస్‌లు పట్టే డీజే మూర్ లాంటి రిసీవర్. ఇంత పెట్టి తెచ్చుకుంటే, తొలి సీజన్‌లో అతను ఆడిన 16 మ్యాచ్‌ల్లో జట్టు గెలిచింది రెండు. 62 సార్లు సాక్ అయ్యాడు, అంటే పాస్ విసిరేలోపే ప్రత్యర్థి చేతిలో నేల కూలాడు. రెండో సీజన్ 47-10, 26-3 ఓటములతో మొదలైంది. ఆ రెండు మ్యాచ్‌ల్లో అతనివి మూడు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పట్టేసుకున్న పాస్‌లు), టచ్‌డౌన్ (గోల్ గీత దాటించే స్కోరు) పాస్ ఒక్కటీ లేదు.

అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏటా ఏదో ఒక జట్టు ఈ కూడలికి వస్తుంది. షార్లెట్‌లోనో, ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగు ఇళ్లలో కూడా ఆదివారం భోజనాల దగ్గర ఈ వాదన నడుస్తూనే ఉంటుంది. ఒకరు తీసేయమంటారు, ఇంకొకరు ఇంకో ఏడాది చూద్దామంటారు. జట్టు ముందు నిజానికి నాలుగు దారులున్నాయి: అతన్నే ఆడిస్తూ చుట్టూ ఉన్నదాన్ని బాగుచేయడం, కొన్నాళ్లు కూర్చోబెట్టడం, కోచ్‌ను మార్చడం, అతన్ని వదులుకుని కొత్తవాణ్ని తెచ్చుకోవడం. ఒక్కో దారి ఒక్కో జబ్బుకు పనికొస్తుంది. జబ్బేమిటో తేల్చుకోకముందే మందు కొన్న జట్లే దారుణంగా దెబ్బతిన్నాయి.

ముందు టేప్ ముందు కూర్చోవాలి

పాస్ ఎంత శాతం చేరింది, ఎన్ని టచ్‌డౌన్లు అన్న లెక్కలు జ్వరం ఎంతుందో చెబుతాయి, ఎందుకొచ్చిందో చెప్పవు. అది టేప్‌లోనే, అంటే మ్యాచ్ వీడియోలోనే కనిపిస్తుంది. ఒక్క ఆటను దగ్గరగా చూద్దాం.

మూడో డౌన్ (పది గజాలు సాధించడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఏడు గజాలు కావాలి. క్వార్టర్‌బ్యాక్ తనకు బంతి అందించే సెంటర్‌కు ఐదు గజాల వెనక, షాట్‌గన్ అనే తీరులో నిలబడ్డాడు. ఎదురుగా ఇద్దరు సేఫ్టీలు (వెనక కాపలా కాసే డిఫెన్స్ ఆటగాళ్లు) లోతుగా ఉన్నారు. స్నాప్ అయిన, అంటే సెంటర్ బంతి వెనక్కి అందించిన క్షణంలో వాళ్లలో ఒకడు కిందికి దిగాడు. అంటే స్నాప్‌కు ముందు చూపించిన కవరేజీ (రిసీవర్లను కాసే ఏర్పాటు) ఒకటి, ఇప్పుడు ఆడుతున్నది ఇంకొకటి. క్వార్టర్‌బ్యాక్ మూడడుగులు వెనక్కి వేశాడు, వెనక కాలు నేలను పట్టింది, ఒక చిన్న అడుగు ముందుకు పడింది. ఇక్కడికి దాదాపు రెండు సెకన్లు. ఈ పాటికి అతని చూపు మొదటి రిసీవర్‌ను వదిలి రెండోవాడి మీద ఉండాలి. రెండున్నర సెకన్లకు బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి.

ఇదే ఆట నాలుగు రకాలుగా చెడిపోవచ్చు. రెండు సెకన్లు కూడా కాకముందే సెంటర్ పక్కనుండే గార్డ్‌ను తోసుకుంటూ ప్రత్యర్థి డిఫెన్సివ్ ట్యాకిల్ మీద పడితే అది లైన్, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందువరస ఐదుగురి తప్పు. మూడున్నర సెకన్లు బంతి పట్టుకుని నిలబడి సాక్ అయితే చాలావరకు క్వార్టర్‌బ్యాక్ తప్పు. రెండున్నర సెకన్లకు చూస్తే ఐదుగురిలో ఒక్కరికీ ఖాళీ లేకపోతే రిసీవర్లదో, ఆ ప్లే (ఆట పథకం) గీసినవాడిదో తప్పు. నాలుగోది వీటన్నిటి కంటే ప్రమాదకరమైనది. లైన్ బాగానే పట్టుకుంది, రిసీవర్ ఖాళీగా ఉన్నాడు, కాని కుర్రాడి చూపు మైదానం మీద లేదు, తన మీదికి వస్తున్నవాళ్ల మీదికి దిగిపోయింది. కాళ్లు గబగబా కదులుతున్నాయి, వెనక కాలి మీద వాలిపోయి విసురుతున్నాడు, బంతి ఎత్తుకు పోతోంది. దెబ్బలు తిని తిని దెబ్బ లేని చోట కూడా దాన్ని ఊహించుకునే స్థితి ఇది. 2019 అక్టోబర్‌లో న్యూయార్క్ జెట్స్ 33-0తో పేట్రియట్స్ చేతిలో ఓడిన రాత్రి సామ్ డార్నల్డ్ నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. తనకు దయ్యాలు కనబడుతున్నాయని అతను సైడ్‌లైన్లో అన్న మాట మైకులో దేశమంతా వినబడింది. అతను చెప్పింది ఈ నాలుగో రకం గురించే.

చేయాల్సిన పని చాలా మామూలుది. చివరి మూడు నాలుగు మ్యాచ్‌ల నుంచి మూడో డౌన్ పాస్‌లు, ఒత్తిడిలో వేసిన పాస్‌లు, సాక్‌లు కలిపి ఒక 60 ఆటలు తీయాలి. ఒక్కోదానికి ఎదురుగా నాలుగు గడుల్లో ఒక్కదానిలోనే గుర్తు పెట్టాలి: లైన్, రిసీవర్ లేదా ప్లే, క్వార్టర్‌బ్యాక్ చూపు, క్వార్టర్‌బ్యాక్ కాళ్లు. ఆ పని హెడ్ కోచ్ ఒక్కడే చేయకూడదు. లైన్ కోచ్, రిసీవర్ల కోచ్ విడివిడిగా గుర్తులు పెట్టి తరవాత పోల్చుకోవాలి. ఎవరి మనుషులను వాళ్లు వెనకేసుకొస్తారు కాబట్టి తేడా వచ్చిన ఆటలనే మళ్లీ కలిసి చూడాలి. సాక్‌ల సంఖ్య చూసి లైన్‌ను తిట్టడం, ఇంటర్‌సెప్షన్ల సంఖ్య చూసి కుర్రాణ్ని తిట్టడం రెండూ తొందరపాటే. రిసీవర్ చేతికి తగిలి ఎగిరిన బంతిని ప్రత్యర్థి పట్టుకున్నా లెక్కల్లో అది క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోకే వెళ్తుంది.

గుర్తుల్లో సగానికి మించి మొదటి రెండు గడుల్లో పడితే కుర్రాణ్ని మార్చి లాభం లేదు. చూపు గడి నిండితే బోధనతో పని. కాళ్ల గడి నిండితే దెబ్బల నుంచి కొంత విరామం కావాలి. ఇకనుంచి చెప్పేదంతా ఈ తేడా మీదే నిలుస్తుంది.

మొదటి దారి: అతన్నే ఆడిస్తూ చుట్టూ బాగుచేయడం

లైన్, రిసీవర్ల గడులు నిండినప్పుడు పట్టాల్సిన దారి ఇది. ఖరీదైనదే, కాని ఫలితం వచ్చిన ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి.

బఫలో బిల్స్ 2018లో జాష్ అలెన్‌ను 7వ పిక్‌గా తీసుకుంది. ఆ ఏడాది అతని పాస్‌లలో చేరినవి 52.8 శాతం. పది టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు. జట్టు కంగారుపడలేదు. 2019లో సెంటర్ మిచ్ మోర్స్‌తో మొదలుపెట్టి దాదాపు లైన్ మొత్తాన్ని మార్చింది. జాన్ బ్రౌన్, కోల్ బీస్లీ అనే ఇద్దరు అనుభవజ్ఞులైన రిసీవర్లను తెచ్చింది. ఆ ఏడాది శాతం 58.8కి పెరిగింది. 2020 మార్చిలో స్టెఫాన్ డిగ్స్‌ను మొదటి రౌండ్ పిక్ ఇచ్చి మరీ తీసుకుంది. శాతం 69.2, టచ్‌డౌన్లు 37. ఈ మూడేళ్లలోనూ మారనిది ఒకటుంది, దాడి ఆటను నడిపే కోచ్, అంటే అఫెన్సివ్ కోఆర్డినేటర్ బ్రయన్ డేబోల్. చుట్టూ మనుషులు మారారు, అలెన్ నేర్చుకున్న భాష మారలేదు. ఈ ఉదాహరణ ఎత్తినవాళ్లు డిగ్స్ గురించే మాట్లాడతారు. మా దృష్టిలో డేబోల్ ఉండిపోవడం అంతకంటే పెద్ద విషయం.

డబ్బు ఎక్కడ పెట్టాలి? చాలామంది ముందు రిసీవర్ వైపే చూస్తారు. లైన్ బాగాలేని చోట రిసీవర్‌ను కొనడం దండగ, అతను ఖాళీ చేసుకునే లోపే బంతి నేల మీద ఉంటుంది. లైన్‌లోనూ అందరూ ఎడమ చివర నిలబడే లెఫ్ట్ ట్యాకిల్ గురించే చెబుతారు, కాని కుర్ర క్వార్టర్‌బ్యాక్‌కు మధ్యన ఉండే ముగ్గురు, అంటే సెంటర్, ఇద్దరు గార్డులు, ముందుగా కావాలి. పక్క నుంచి వచ్చేవాణ్ని ఒక అడుగు ముందుకేసి తప్పించుకోవచ్చు. ఎదురుగా వచ్చేవాడు ఆ అడుగు వేసే చోటునే లాక్కుంటాడు, చూపుకూ అడ్డొస్తాడు. యంగ్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. అతని విషయంలో ఇది రెండింతలు నిజం. పాంథర్స్ 2024 మార్చిలో ఇద్దరు గార్డులనే కొన్నది: రాబర్ట్ హంట్‌కు ఐదేళ్లకు 10 కోట్ల డాలర్లు, డేమియన్ లూయిస్‌కు నాలుగేళ్లకు 5.3 కోట్ల డాలర్లు. షికాగో కూడా అదే చేసింది. 2024లో కేలబ్ విలియమ్స్ 68 సార్లు సాక్ అయ్యాక, 2025లో జో థూనీ, జోనా జాక్సన్, డ్రూ డాల్మన్‌లతో మధ్య ముగ్గురినీ ఒకేసారి మార్చింది. ఆ సీజన్‌లో 11-6తో (11 గెలుపులు, 6 ఓటములు) తన డివిజన్ (లీగ్‌లో నాలుగు జట్ల గుంపు) గెలిచింది.

మనుషులు వచ్చేది మార్చిలో, ఏప్రిల్‌లో. అక్టోబర్‌లో ఉన్న జట్టు ఏం చేయాలి? ప్లేబుక్‌ను సర్దుకోవాలి. మొదటి డౌన్‌లోనే ప్లే యాక్షన్ (పరుగు ఆటలా నటించడం) వేసి పాస్ ఆడాలి, మూడో డౌన్‌కు దూరం మిగలకుండా చూడాలి. బూట్‌లెగ్‌లతో, అంటే పక్కకు పరుగెత్తించే ఆటలతో, అతన్ని పాకెట్ (లైన్ వెనక రక్షణ వలయం) బయటికి తీసుకెళ్తే మైదానంలో సగమే చదవాల్సి ఉంటుంది. లైన్ చివర నిలబడే టైట్ ఎండ్ పాస్ కోసం పరుగెత్తే ముందు, పక్క నుంచి వచ్చే ఎడ్జ్ రషర్‌ను ఒక దెబ్బ తగిలించి వెళ్లాలి. స్నాప్‌కు ముందు ఒక రిసీవర్‌ను అటు నుంచి ఇటు నడిపిస్తే, అతని వెంట ఎవరైనా వస్తున్నారో లేదో చూసి కవరేజీ తెలుసుకోవచ్చు.

ఇంకో చిన్న విషయాన్ని చాలామంది పట్టించుకోరు. తరవాతి ఆట మొదలుపెట్టే గడువు, అంటే ప్లే క్లాక్, 40 సెకన్లు. కోచ్ మాట హెల్మెట్ రేడియోలో 15 సెకన్లు మిగిలేదాకానే వినబడుతుంది. కోఆర్డినేటర్ ఆలస్యంగా పిలిచినా, ప్లే పేరు పదీ పన్నెండు మాటలున్నా, కుర్రాడు హడల్‌లో (ఆటగాళ్లు గుమికూడే చోట) దాన్ని అప్పజెప్పి లైన్ దగ్గరికి వచ్చేసరికి ఏడెనిమిది సెకన్లే మిగులుతాయి. ప్రొటెక్షన్ (లైన్ ఎవరిని ఆపాలన్న ఏర్పాటు) మార్చే వ్యవధి ఉండదు, బ్లిట్జ్ (అదనపు ఆటగాళ్ల దాడి) ఎటు నుంచో చూసే వ్యవధి ఉండదు. పేర్లు కుదించి, పొడవైనవాటికి మణికట్టు పట్టీ మీద అంకెలు రాసి, 20 సెకన్లు ఉండగానే అతన్ని లైన్ దగ్గర నిలబెట్టగలిగితే సగం తప్పులు పుట్టవు. ప్రొటెక్షన్ పిలుపులు అనుభవమున్న సెంటర్‌కు అప్పగిస్తే ఇంకో బరువు దిగుతుంది.

ఈ దారిలో తప్పటడుగులు రెండు. ఒకటి, మరీ సులభం చేసేయడం. వరసగా స్క్రీన్ పాస్‌లు, రెండు గజాల పాస్‌లు వేయిస్తే శాతం పెరుగుతుంది, అతను నేర్చుకునేది ఏమీ ఉండదు. నాలుగు వారాల్లో డిఫెన్స్ పది గజాల లోపలికి వచ్చి కూర్చుంటుంది. రెండోది, లైన్ బాగుపడకముందే అతన్ని నిలబెట్టి దెబ్బలు తినిపించడం. 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ కొత్త జట్టు. వాళ్ల మొదటి పిక్ డేవిడ్ కార్ ఆ ఒక్క సీజన్‌లో 76 సార్లు సాక్ అయ్యాడు. అనుభవం వస్తుందని అతన్ని ఆడించారు. వచ్చింది అనుభవం ఒక్కటే కాదు, పాకెట్‌లో నిలబడలేని భయం కూడా. అతని కెరీర్ దాన్నుంచి కోలుకోలేదు.

రెండో దారి: కూర్చోబెట్టడం

కాళ్ల గడి నిండినప్పుడు, అంటే భయం ఒంట్లోకి దిగినప్పుడు, ఇదే సరైనది. అయితే పాట్రిక్ మహోమ్స్ మొదటి ఏడాది అలెక్స్ స్మిత్ వెనక కూర్చున్నాడు, జోర్డన్ లవ్ మూడేళ్లు ఆరన్ రాడ్జర్స్ వెనక కూర్చున్నాడు అంటూ ఇక్కడ ఉదాహరణలివ్వడం సరికాదు. వాళ్లను ఆడించకముందే కూర్చోబెట్టారు. ఆడించి, అందరూ చూస్తుండగా దింపేయడం వేరే సంగతి. 22, 23 ఏళ్ల కుర్రాడికి అది చిన్న గాయం కాదు.

దింపేయడంలోనూ రెండు రకాలున్నాయి. జెట్స్ 2022 నవంబర్‌లో జాక్ విల్సన్‌ను దింపింది. అంతకుముందు మ్యాచ్‌లో అతను 22 పాస్‌లలో తొమ్మిదే పూర్తి చేశాడు, 77 గజాలు. మళ్లీ ఎక్కించింది, మళ్లీ దింపింది. 2023లో రాడ్జర్స్‌ను తెచ్చుకుంటే ఆయన మొదటి మ్యాచ్‌లో నాలుగో స్నాప్‌కే కాలి గాయంతో వెళ్లిపోయాడు, విల్సన్ సిద్ధం కాకుండానే మళ్లీ మైదానంలో ఉన్నాడు. ఎప్పుడు దిగుతాడో, ఎప్పుడు ఎక్కుతాడో అతనికీ తెలియదు, జట్టుకూ తెలియదు. ఇండియానాపోలిస్ కూడా 2024లో ఆంథొనీ రిచర్డ్‌సన్‌ను 39 ఏళ్ల జో ఫ్లాకో కోసం దింపి, రెండు వారాలకు మళ్లీ ఎక్కించింది. రిచర్డ్‌సన్ కాలేజీలో స్టార్టర్‌గా ఆడింది 13 మ్యాచ్‌లే. అంత తక్కువ ఆడినవాడికి కావాల్సింది ఆటలు. కూర్చోబెడితే అవి ఎక్కడి నుంచి వస్తాయి?

యంగ్ విషయం వేరుగా నడిచింది. అతని స్థానంలోకి వచ్చిన ఆండీ డాల్టన్ మొదటి మ్యాచ్‌లోనే రెయిడర్స్ మీద మూడు టచ్‌డౌన్లతో 36-22 గెలిపించాడు. ఆ తరవాత వరసగా నాలుగు ఓడాడు. డాల్టన్ అక్టోబర్‌లో కారు ప్రమాదంలో బొటనవేలు బెణికించుకోవడంతో యంగ్ డెన్వర్ మ్యాచ్‌కు తిరిగొచ్చాడు. అది ఓడినా తరవాత సెయింట్స్ మీద 23-22, మ్యూనిక్‌లో జెయింట్స్ మీద 20-17 గెలిచాడు. సీజన్ చివరి మ్యాచ్ అట్లాంటా మీద 44-38, మూడు టచ్‌డౌన్ పాస్‌లు, తానే పరుగెత్తి ఇంకో రెండు. మరుసటి ఏడాది ఆ జట్టు 8-9తోనైనా డివిజన్ గెలిచింది.

యంగ్ బెంచ్ మీద గడిపిన ఆ ఐదు మ్యాచ్‌లు పని చేశాయా, లేక కొత్త గార్డులు, కొత్త కోచ్ డేవ్ కనాలెస్ పద్ధతి అప్పటికి కుదురుకున్నాయా? రెండూ అని మా నమ్మకం. కుర్రాడు తిరిగొచ్చేసరికి లైన్ కొత్త పద్ధతిలో కొన్ని మ్యాచ్‌లు ఆడేసింది. పక్కన నిలబడి అదే ప్లేబుక్‌ను ఇంకొకడు నడుపుతుంటే చూడటమూ అతనికి అక్కరకొచ్చింది. బెంచ్ మీది కాలం పనికొచ్చేది ఇలాగే: అతను ఒక పక్క మారాలి, మైదానంలో పరిస్థితి ఇంకో పక్క మారాలి. తిరిగొచ్చిన చోట అదే విరిగిన లైన్ ఉంటే కూర్చోబెట్టి ఒరిగేది లేదు.

కూర్చోబెట్టేటప్పుడు ముందే ఆలోచించాల్సిన చిక్కు ప్రాక్టీస్‌ది. మ్యాచ్ వారంలో బుధ, గురు, శుక్రవారాల ప్రాక్టీస్‌లో మొదటి జట్టుతో ఆడే అవకాశం దాదాపు మొత్తం స్టార్టర్‌దే. బ్యాకప్ స్కౌట్ టీమ్‌తో ఆడతాడు, అంటే వచ్చే ఆదివారం ప్రత్యర్థి వేసే ఆటలను కార్డు చూసి వేస్తాడు. మన ప్లేబుక్ అతని నోట్లోంచి రాదు. నాలుగు వారాలు ఇలా గడిస్తే నేర్చుకున్నదీ మరిచిపోతాడు. అందుకని వారాల వారీగా పని రాసిపెట్టుకోవాలి. మొదటి వారం బంతి తక్కువ, టేప్ ఎక్కువ. అతని 60 ఆటలను అతని చేతనే గడుల్లో గుర్తు పెట్టించాలి. రెండో వారం నుంచి ప్రాక్టీస్ అయ్యాక అరగంట కాళ్ల పని. మెత్తటి సంచులు కాళ్ల దగ్గర విసురుతుంటే చూపు పైనే ఉంచి విసరడం, వెనక కాలి మీద వాలకుండా ముందుకు అడుగేసి విసరడం. రోజూ ఆ రోజు ప్లేలన్నీ హడల్‌లో ఉన్నట్టు గొంతెత్తి పిలవాలి. మూడో వారం నుంచి గురువారం మూడో డౌన్ ఆటల్లో కొన్నయినా మొదటి జట్టుతో ఇవ్వాలి. మ్యాచ్ రోజు హెడ్‌సెట్ పెట్టుకుని ప్రతి ప్లే వినాలి, కవరేజీ రాసుకోవాలి.

కూర్చోబెట్టామని చెప్పే తీరు కూడా చూసుకోవాలి. విలేఖరుల సమావేశానికి ముందే కోచ్ అతనికి ఎదురుగా కూర్చుని కారణం చెప్పాలి, ఏ పని పూర్తయితే మళ్లీ ఆడతాడో చెప్పాలి. తేదీ చెప్పకూడదు. తేదీ చెబితే ఆ వారం ప్రత్యర్థి లీగ్‌లోకెల్లా గట్టి డిఫెన్స్ అయినా ఎక్కించక తప్పదు.

అతని స్థానంలో ఆడే అనుభవజ్ఞుడు అదే పద్ధతిలో ఆడగలవాడై ఉండాలి. వేరే రకం ఆటగాడైతే అతని కోసం ప్లేబుక్ మార్చాల్సి వస్తుంది, కుర్రాడు పక్కన నిలబడి చూసేది తాను ఎప్పటికీ ఆడని ఆట అవుతుంది. ఆ అనుభవజ్ఞుడు వరసగా నాలుగు గెలిస్తే ఏం చేయాలన్నది మొదటి వారంలోనే జనరల్ మేనేజర్, హెడ్ కోచ్ మాట్లాడుకుని ఉండాలి. గెలిచాక మాట్లాడుకుంటే డ్రెస్సింగ్ రూమ్ రెండుగా చీలుతుంది.

మూడో దారి: కోచ్‌ను మార్చడం

దీనికి చాలామంది చూపించే ఉదాహరణ జారెడ్ గాఫ్. 2016లో మొదటి పిక్, ఆ ఏడాది ఆడిన ఏడూ ఓడాడు. 2017లో షాన్ మెక్‌వే వచ్చాడు. 28 టచ్‌డౌన్లు, ఏడే ఇంటర్‌సెప్షన్లు. పాయింట్లలో లీగ్‌లో అట్టడుగున ఉన్న అతని జట్టు రామ్స్ ఒక్క ఏడాదిలో అగ్రస్థానానికి చేరింది. అదే వేసవిలో లెఫ్ట్ ట్యాకిల్ ఆండ్రూ విట్‌వర్త్, రిసీవర్ రాబర్ట్ వుడ్స్ వచ్చారు, కూపర్ కప్‌ను మూడో రౌండ్‌లో తీసుకున్నారు. ఆ మాట కూడా కలిపి చెప్పుకోవాలి.

కోచ్ మారితే అసలు ఖర్చు భాషది. ప్రొటెక్షన్ల పేర్లు, రూట్‌ల పేర్లు, ఏ అడుగుకు ఎవరిని చూడాలన్న వరస, అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. అలెక్స్ స్మిత్ 2005లో మొదటి పిక్. మొదటి నాలుగేళ్లలో అతనికి నలుగురు కోఆర్డినేటర్లు. ఏటా కొత్త భాష. మొదటి ఏడాది ఒక టచ్‌డౌన్, 11 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చిన అతను, 2011లో జిమ్ హార్బా వచ్చాక 17 టచ్‌డౌన్లు, ఐదు ఇంటర్‌సెప్షన్లతో జట్టును 13-3కు నడిపించాడు. మధ్యలో పోయిన ఏళ్లు అతనివి, ఎవరూ తిరిగి ఇవ్వలేదు. పేట్రియట్స్ మాక్ జోన్స్‌ది ఇంకా బాధ కలిగించే కథ. 2021లో జోష్ మెక్‌డేనియల్స్ కింద ప్లేఆఫ్స్‌కు వెళ్లాడు. ఆయన వెళ్లిపోయాక 2022లో కెరీర్ ఎక్కువగా డిఫెన్స్ వైపు గడిపిన మాట్ పాట్రీషియా ప్లేలు పిలిచాడు. 2023లో ఇంకొకరు. మూడేళ్లకు ముగ్గురు. చివరికి ఆరో రౌండ్ పిక్‌కు అతన్ని ఇచ్చేశారు.

సీజన్ మధ్యలో ప్లేలు పిలిచే మనిషిని మార్చడం వల్ల లాభం స్వల్పమే. అదే ప్లేబుక్, చెవిలో గొంతు ఒక్కటే కొత్తది. 2023లో కరోలైనాలో హెడ్ కోచ్ ఫ్రాంక్ రైక్ అక్టోబర్‌లో ఆ పనిని థామస్ బ్రౌన్‌కు ఇచ్చి, మూడు మ్యాచ్‌లకే వెనక్కి తీసుకున్నాడు. నవంబర్ చివర్లో ఆయన్నే తీసేశారు. కొత్తగా వచ్చిన కుర్రాడికి మొదటి సీజన్‌లోనే ఇన్ని గొంతులు వినిపించడం అన్యాయం.

మార్చాలనే అనుకుంటే సీజన్ ముగిశాక జనవరిలో మార్చాలి. కొత్త హెడ్ కోచ్ ఉన్న జట్టు వేసవి కార్యక్రమాన్ని మిగతా జట్ల కంటే రెండు వారాలు ముందు, ఏప్రిల్ మొదట్లో మొదలుపెట్టుకోవచ్చు. ఒక మినీక్యాంప్ అదనంగా దొరుకుతుంది. వచ్చే మనిషిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీ పద్ధతిలో మొదటి 30 ప్లేలలో ఈ కుర్రాడు కాలేజీలో ఆడినవి ఎన్ని? దీనికి జవాబు తడుముకునేవాడు టేప్ చూడకుండా ఇంటర్వ్యూకు వచ్చినట్టే.

నాలుగో దారి: వదులుకోవడం

చూపు గడి రెండేళ్ల తరవాత కూడా, ఒకే కోఆర్డినేటర్ కింద, పర్వాలేదనిపించే లైన్ వెనక కూడా అలాగే నిండుతుంటే వదులుకోవాలి. ఆ షరతులన్నీ కలిసినప్పుడే.

వదులుకోవడానికి అడ్డొచ్చేది ఎప్పుడూ ఇప్పటికే పెట్టిన ఖర్చు. శాన్ ఫ్రాన్సిస్కో 2021లో ట్రే లాన్స్ కోసం మూడు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చింది. నాలుగు మ్యాచ్‌ల్లో స్టార్టర్‌గా ఆడాక, 2023 ఆగస్టులో డల్లాస్‌కు నాలుగో రౌండ్ పిక్‌కు పంపింది. అప్పటికి 262వ పిక్ బ్రాక్ పర్డీ వాళ్ల దగ్గర ఆడుతున్నాడు. ఇచ్చిన మూడు పిక్‌లను తలుచుకుని లాన్స్‌నే ఆడించి ఉంటే ఆ పిక్‌లు తిరిగొచ్చేవి కావు, సీజన్ కూడా పోయేది. అరిజోనా అంతకంటే వేగంగా కదిలింది. 2018 డ్రాఫ్ట్ వంతుల్లో ముందుకు జరిగి మరీ 10వ పిక్‌గా తీసుకున్న జాష్ రోజెన్‌ను ఏడాదికే మయామికి ఇచ్చి, 62వ పిక్, ఒక ఐదో రౌండ్ పిక్ తెచ్చుకుంది. మొదటి పిక్‌తో కైలర్ మరేను తీసుకుంది.

ధర కాలంతో పడిపోతుంది. ఏడాదికే అమ్మితే రోజెన్‌కు రెండో రౌండ్ దక్కింది. మూడేళ్లాగిన తరవాత మాక్ జోన్స్‌కూ, షికాగో వదిలిన జస్టిన్ ఫీల్డ్స్‌కూ దక్కింది ఆరో రౌండ్. ఒక లెక్క కూడా చూసుకోవాలి. సైనింగ్ బోనస్‌ను శాలరీ క్యాప్‌లో (జట్టు జీతాల పరిమితిలో) ఒప్పందం ఏళ్ల మీద పరుస్తారు. ఆటగాణ్ని జూన్ 1 లోపు అమ్మేస్తే మిగిలిన ఏళ్ల వాటా అంతా ఆ ఏడాదికే వచ్చి పడుతుంది. యంగ్ బోనస్ సుమారు 2.46 కోట్ల డాలర్లు, నాలుగేళ్ల మీద ఏడాదికి 61.5 లక్షలు. రెండేళ్లకు వదులుకుని ఉంటే 1.23 కోట్లు క్యాప్ మీద మిగిలేవి. బరువే, కాని మోయలేనిది కాదు. ఇది సాకుగా చెప్పే జట్టు నిజానికి ఇంకేదో దాస్తోంది.

కొత్తవాణ్ని తెచ్చేముందు మొదటి రెండు గడులు మళ్లీ చూడాలి. జెట్స్ 2021లో డార్నల్డ్‌ను కరోలైనాకు ఇచ్చేసి 2వ పిక్‌తో జాక్ విల్సన్‌ను తెచ్చింది. ఇంట్లో చెమ్మ అలాగే ఉంది, మంచం మీద మనిషి మారాడంతే. అదే దగ్గు వచ్చింది. డార్నల్డ్ 2024లో మిన్నెసోటాలో ఏడాదికి కోటి డాలర్ల ఒప్పందం మీద చేరి, జస్టిన్ జెఫర్సన్ లాంటి రిసీవర్‌తో, కెవిన్ ఓకానెల్ పద్ధతిలో 35 టచ్‌డౌన్లు విసిరాడు, జట్టు 14-3. బేకర్ మేఫీల్డ్ క్లీవ్‌లాండ్, కరోలైనా, లాస్ ఏంజెలిస్ దాటి టాంపాకు వెళ్లి 2024లో 41 విసిరాడు. ఏళ్ల తరవాత కుదిరిన ఆటను ముందే తేల్చేసిన జట్లు ఆ టేప్‌ను ఏ గడిలో గుర్తు పెట్టాయో ఆలోచించాలి.

మే నెల గడువు

ఏ దారి పట్టినా ఒక తేదీ ఆగదు. మొదటి రౌండ్ ఆటగాళ్ల ఒప్పందం నాలుగేళ్లు, ఐదో ఏడాదికి జట్టుకు ఆప్షన్ (పొడిగించుకునే హక్కు) ఉంటుంది. మూడో సీజన్ తరవాత మే మొదటివారంలో చెప్పేయాలి. లీగ్, ఆటగాళ్ల సంఘం మధ్య 2020 ఒప్పందం నుంచి ఒకసారి అవునంటే ఆ డబ్బంతా గ్యారెంటీ.

అవునని చిక్కుకున్న జట్టుంది. క్లీవ్‌లాండ్ మేఫీల్డ్ ఆప్షన్ తీసుకుంది, సుమారు 1.89 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాదే అతన్ని కరోలైనాకు పంపుతూ అందులో కోటీ ఐదు లక్షలు తానే కట్టింది. కాదని చిక్కుకున్న జట్టూ ఉంది. జెయింట్స్ 2022లో డేనియల్ జోన్స్ ఆప్షన్ వదిలేసింది. ఆ సీజన్ అతను బాగా ఆడేసరికి 2023 మార్చిలో నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. 2024 నవంబర్‌లో అతన్ని విడిచిపెట్టింది. ఒక్క మంచి ఏడాదికి భయపడి నాలుగేళ్లు కొనడం ఆప్షన్ కంటే ఎంత ఖరీదో అక్కడ తెలిసింది.

గ్రీన్ బే 2023లో మధ్యే మార్గం చూసుకుంది. లవ్ అప్పటికి పెద్దగా ఆడలేదు. ఆప్షన్ మొత్తం గ్యారెంటీ చేసే బదులు ఒక ఏడాది పొడిగింపు రాసుకున్నారు, గరిష్ఠంగా 2.25 కోట్లు, గ్యారెంటీ 1.35 కోట్లు. బాగా ఆడితే అతనికి ఎక్కువ వస్తుంది, ఆడకపోతే జట్టుకు తక్కువ పోతుంది. మూడో ఏడాది చివర్లో కూడా గడులు తేలని కుర్రాడికి ఇదే సరిపోతుంది. ఆ మాట ఫిబ్రవరిలోనే, గడువుకు మూడు నెలల ముందు, అతని ఏజెంట్‌తో మొదలుపెట్టాలి. ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్ గదిలో కూర్చున్నాక మొదలుపెడితే, ఆ గదిలో ఎవరి పేరు బోర్డు మీదుందోనని అవతలివాళ్లు అనుమానిస్తారు. అనుమానం మొదలైన చోట సగం గ్యారెంటీకి ఎవరూ సంతకం పెట్టరు.